మొదటిసారి స్కీయింగ్‌కి ఆల్ప్స్ వెళ్తున్నారా? గ్రిండెల్‌వాల్డ్‌లో తొలి మూడు రోజులు ఇలా గడపండి

నవంబర్ వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "స్విట్జర్లాండ్ వస్తున్నాం, ఒక పూట స్కీయింగ్ కూడా పెట్టుకుందాం అనుకుంటున్నాం, ఎక్కడ బాగుంటుంది?" నేను జ్యూరిక్‌లో ఉంటూ ప్రతి చలికాలం కొండల మీదికి వెళ్తుంటాను. అందుకని బంధువులూ స్నేహితులే కాదు, వాళ్ళకి తెలిసినవాళ్ళు కూడా ఫోన్ చేసి అడుగుతుంటారు. అందరికీ ముందు చెప్పేది ఒకటే: ఒక పూట చాలదు. ఇది టికెట్ కొని కూర్చునే రైడ్ కాదు. ఈతలాగా ఒంటికి అలవాటు కావలసిన పని. వరుసగా మూడు రోజులు ఇస్తే, జీవితంలో మంచు చూడని వాళ్ళు కూడా చాలామంది ఆగడం, మలుపు తిరగడం నేర్చుకుని చిన్న వాలు మీద సొంతంగా దిగుతారు. ఒక్క పూటతో సరిపెడితే బూట్ల నొప్పి తప్ప ఏమీ మిగలదు.

గ్రిండెల్‌వాల్డ్‌ని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను, ఎందుకంటే కొత్తవాళ్ళకి నేను ఎక్కువగా చెప్పే ఊరు అదే. ఐగర్ శిఖరం కింద, 1034 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊళ్ళోకే రైలు వస్తుంది కాబట్టి మంచు రోడ్ల మీద కారు నడిపే టెన్షన్ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం బోడ్మి అనే మైదానం ఊరికి ఆనుకునే ఉంది. మీరు ఆస్ట్రియాకో ఫ్రాన్స్‌కో వెళ్తున్నా కింద చెప్పిన పద్ధతి మారదు, ఊరి పేర్లే మారతాయి.

ఎప్పుడు వెళ్ళాలి

సీజన్ డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు, మళ్ళీ ఫిబ్రవరిలో ఇక్కడి స్కూళ్ళ సెలవుల్లో విపరీతమైన రద్దీ, గదుల ధరలూ ఎక్కువే. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా కొంచెం ఊపిరాడుతుంది. కానీ సంక్రాంతి సెలవు కలిసొస్తుందని బుక్ చేసేవాళ్ళు ఒకటి చూసుకోండి. సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కనున్న వెంగెన్‌లో లౌబర్‌హార్న్ స్కీ పందేలు జరుగుతాయి. 1930 నుంచి నడుస్తున్న పందెం అది, చుట్టుపక్కల ఊళ్ళన్నీ నిండిపోతాయి. ఆ ఏడాది పందెం తేదీలు చూసి, ఒక వారం అటో ఇటో జరపండి. నన్నడిగితే పిల్లలతో వచ్చేవాళ్ళకి మార్చి మొదటి సగం మేలు. పగలు పొడుగ్గా ఉంటుంది, చలి తగ్గుతుంది. మధ్యాహ్నానికి మంచు మెత్తబడి నీళ్ళ నీళ్ళగా అవుతుంది కాబట్టి క్లాసు మాత్రం పొద్దున పెట్టుకోవాలి.

ఏమేం కావాలి

ఇంటి నుంచి తెచ్చుకోవలసినవి:

- ఒంటికి అతుక్కునే థర్మల్ జత, రెండు సెట్లు. ఊలు గానీ సింథటిక్ గానీ. కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది.
- ఒక ఫ్లీస్ స్వెటర్.
- మోకాళ్ళ దాకా వచ్చే స్కీ సాక్స్, రెండు జతలు.
- నీళ్ళు చొరబడని గ్లౌజులు. ఉన్ని గ్లౌజులు పది నిమిషాల్లో తడిసిపోతాయి.
- ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, లిప్ బామ్. వెయ్యి మీటర్లు పైకి వెళ్ళేకొద్దీ అతినీలలోహిత కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి.

అక్కడ అద్దెకి తీసుకోవలసినవి: స్కీలు, స్కీ బూట్లు, పోల్స్ (చేతికర్రలు), హెల్మెట్. నీళ్ళు పట్టని జాకెట్, ప్యాంటు కొన్ని షాపుల్లో అద్దెకి ఇస్తారు, ముందే మెయిల్ పెట్టి అడగండి. గాగుల్స్ కొనుక్కోవడమే మంచిది.

జీన్స్ వేసుకుని మంచులోకి దిగకండి. మంకీ క్యాప్ ఊళ్ళో తిరగడానికి పనికొస్తుంది గానీ హెల్మెట్ కింద పెట్టకూడదు, హెల్మెట్ వదులై పక్కకి జారుతుంది.

కాగితాల సంగతి. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. చలికాలం ట్రిప్‌కి అక్టోబర్ లోపే పని ముగించండి. వీసా కోసం కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు. అసలు పొరపాటు జరిగేది అక్కడే. వీసాకి సరిపోయిన పాలసీ స్కీయింగ్‌కి సరిపోతుందని అనుకుంటారు. చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల కింద ఉంటాయి. వింటర్ స్పోర్ట్స్ వర్తిస్తుందని, కొండ మీద నుంచి దించే రెస్క్యూ ఖర్చు కూడా ఇస్తారని పాలసీలో రాసి ఉండాలి. ఫోన్‌లో ఏజెంటు "ఉంటుంది సార్" అన్న మాట పనికిరాదు. స్విట్జర్లాండ్‌లో దెబ్బ తగిలినవాళ్ళని స్లెడ్ (మంచు మీద జారే బండి) మీద కిందికి దించినా బిల్లు వేస్తారు, హెలికాప్టర్ అయితే చెప్పక్కర్లేదు.

తిండి గురించి రెండు మాటలు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, స్టేషన్ దగ్గరే కోప్ సూపర్‌మార్కెట్ ఉంది. ఆవకాయ, పులిహోర పేస్టు, పొడులు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం ఇండియా నుంచి తేవడానికి వీల్లేదు. పచ్చి కరివేపాకు, పళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. హోటల్లో శాకాహారులకి రోస్టి బాగుంటుంది, బంగాళాదుంప తురుముతో చేసిన మందపాటి అట్టు లాంటిది. అందులో బేకన్ వేయొద్దని "ఓనె ష్పెక్" అని చెప్పండి. చీజ్ ఫాండ్యూలో (కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచుకుని తినేది) మామూలుగా వైట్ వైన్ పోస్తారు, మద్యం ముట్టనివాళ్ళు అడిగి తినండి.

ఇక పని మొదలు

1. ముందు క్లాసు బుక్ చేయండి, తర్వాతే టికెట్లు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. చాలా స్కీ స్కూళ్ళలో కొత్తవాళ్ళ గ్రూప్ క్లాసులు ఆదివారమో సోమవారమో మొదలవుతాయి. బుధవారం దిగితే మీకు తగిన గ్రూపు దొరకకపోవచ్చు. కాబట్టి శనివారం చేరేలా ప్లాన్ చేయండి. నలుగురు ఒకే కుటుంబం అయితే రెండు గంటల ప్రైవేట్ క్లాసు ధర కూడా అడిగి చూడండి, గ్రూపుతో పోలిస్తే మరీ ఎక్కువ కాకపోవచ్చు. పిల్లల్ని మాత్రం గ్రూపులోనే వేయండి, తోటి పిల్లల్ని చూసి తొందరగా నేర్చుకుంటారు. "మీరే నేర్పించేయండి" అని నన్ను చాలామంది అడిగారు. నేను ఒప్పుకోను. స్కీయింగ్ రావడం వేరు, నేర్పడం వేరు.

బుక్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, ప్రాక్టీస్ మైదానం టికెట్ ఫీజులో కలిసి ఉందా? మొదటి రోజు మొత్తం ప్రాంతానికి ఖరీదైన స్కీ పాస్ (లిఫ్టుల టికెట్) కొనడం శుద్ధ దండగ. రెండోది, కింద మంచు సరిగ్గా లేకపోతే క్లాసు ఎక్కడ పెడతారు?

2. రైల్లో సరైన బోగీ ఎక్కండి. జ్యూరిక్ విమానాశ్రయం నుంచి బెర్న్ మీదుగా ఇంటర్లాకెన్ ఓస్ట్, అక్కడి నుంచి చిన్న రైల్లో సుమారు 35 నిమిషాలు. ఈ చిన్న రైలు స్వైల్యూట్షినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్ వెళ్తుంది, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్ వస్తుంది. బోగీ మీద ఊరి పేరు చూసి ఎక్కండి. గ్రిండెల్‌వాల్డ్‌కి ముందు వచ్చే స్టేషన్ గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్. కొండ మీదికి తీసుకెళ్ళే ఐగర్ ఎక్స్‌ప్రెస్, మెన్లిఖెన్ గొండోలాలు (తీగ మీద నడిచే కేబిన్లు) బయల్దేరేది అక్కడ నుంచే. మీ గది ఏ స్టేషన్‌కి దగ్గరో ముందే చూసుకోండి.

3. సామాను ముందురోజు సాయంత్రమే అద్దెకి తీసుకోండి. క్లాసు రోజు పొద్దున షాపుల్లో క్యూ ఉంటుంది. తొందరలో బూట్లు సరిగ్గా చూసుకోరు, మిగిలిన మూడు రోజులూ ఆ బూట్లే మిమ్మల్ని ఏడిపిస్తాయి. సగం మంది "స్కీయింగ్ నాకు పడదు" అనేది బూట్ల వల్లే అని నా నమ్మకం.

బూటు ఇలా చూసుకోండి. సాక్స్ ఒక్క జతే వేయాలి. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకుండా పైకి లాగాలి, సాక్స్ మీద ముడత లేకుండా సవరించాలి. కాలు పెట్టి మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి సర్దుకోండి, అప్పుడు బకిల్స్ బిగించండి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకి కొద్దిగా తగలాలి. మోకాళ్ళు ముందుకి వంచితే వేలు వెనక్కి రావాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. కాలి ముందు ఎముక మొత్తం బూటు నాలుకకి ఒకేలా ఆనుకోవాలి, ఒక్కచోటే గుచ్చుకోకూడదు. ఇలా వేసుకుని పది నిమిషాలు షాపులోనే తిరగండి. వేళ్ళు కదలాలి. తిమ్మిరెక్కితే మార్చమనండి, మొహమాటపడకండి.

చలి కదా అని రెండు సాక్సులు వేసుకోవడం మనవాళ్ళు అందరూ చేసే పని. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. రక్తం ఆడక గంటలో పాదాలు మొద్దుబారిపోయాయి. పల్చటి సాక్స్ ఒక్కటే వేసుకున్న మర్నాడు, అదే చలిలో, కాళ్ళు వెచ్చగా ఉన్నాయి.

స్కీ పొడవు మొదటిసారి వాళ్ళకి గడ్డం దాకా వస్తే చాలు. పోల్ కొలవాలంటే తలకిందులుగా పట్టుకుని, కొన దగ్గరుండే చక్రం కింద చెయ్యి పెట్టండి. మోచెయ్యి ఎల్ ఆకారంలో వంగితే సరిపోయినట్టు.

హెచ్చరిక: షాపువాళ్ళు ఎత్తు, బరువు, వయసు, ఎంత వచ్చో అడుగుతారు. బరువు తగ్గించి చెప్పినా, రాకపోయినా వచ్చని చెప్పినా నష్టం మీకే. పడినప్పుడు బూటు నుంచి స్కీ ఊడిపోవడానికి ఎంత బలం కావాలో ఆ లెక్కలతోనే బిగిస్తారు. ఎక్కువ బిగిస్తే స్కీ ఊడదు, మెలిక మోకాలి మీద పడుతుంది. తక్కువ బిగిస్తే ఊరికే ఊడిపోతుంది.

4. స్కీ తొడుక్కోవడం. వాలుకి అడ్డంగా స్కీలు పెట్టండి. దిగువన ఉన్న కాలికి ముందు తొడగండి. బూటు అడుగున అంటుకున్న మంచుని పోల్‌తో గీకి తీసేయండి, చాలామంది మరిచిపోయేది ఇదే. ముందు భాగం పెట్టి, మడమ నొక్కితే 'టక్' మని చప్పుడు రావాలి. చప్పుడు రాలేదంటే కింద ఇంకా మంచు ఉందని అర్థం.

5. పడటం, లేవడం. పడిపోతున్నామని తెలిస్తే పక్కకి ఒరగండి, తుంటి మీద కూర్చున్నట్టు. చేతులు వెనక్కి ఆనించకండి, మణికట్టు దెబ్బతింటుంది. లేచేటప్పుడు రెండు స్కీలనీ మీకంటే దిగువకి, వాలుకి అడ్డంగా తెచ్చుకుని చేత్తో మంచుని నొక్కి లేవండి. స్కీల ముక్కులు కిందికి చూస్తుంటే లేచీ లేవగానే జారిపోతారు. చేతకాకపోతే పైనున్న స్కీ విప్పేసి లేవడంలో తప్పు లేదు.

6. ఆగడం నేర్చుకోండి. మొదటి రోజు మొత్తం దీనికే పోయినా పోనివ్వండి. స్కీల ముక్కులు దగ్గరగా, వెనుక భాగాలు దూరంగా, నాగలి ఆకారంలో పెట్టాలి. జర్మన్‌లోనూ దీన్ని ప్ఫ్లూగ్ అనే అంటారు, అంటే నాగలి. పిల్లలకైతే పిజ్జా ముక్క అని చెప్తారు. మడమలతో బయటికి తోస్తే స్కీల లోపలి అంచులు మంచుని కోస్తాయి, వేగం తగ్గుతుంది. ఎంత వెడల్పు తెరిస్తే అంత తొందరగా ఆగుతారు.

మా వదిన రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు బోడ్మిలో మొదటి గంట ఏం జరిగిందో చెప్తాను. నాగలి బాగానే పెట్టింది. కానీ కదలగానే భయంతో వెనక్కి వాలిపోయేది. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం తేలికై పట్టు పోతుంది, ఇంకా వేగంగా జారతారు. "కాళ్ళు నా మాట వినట్లేదయ్యా" అంది మూడోసారి పడి లేస్తూ. టీచరమ్మ వచ్చి ఆవిడ ఎదురుగా వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ చాపి, "నా అరచేతులు పట్టుకోవడానికి రా, కింద చూడకు" అంది. వదిన చేతులు ముందుకొచ్చాయి, మోకాళ్ళు వంగాయి, కాలి ఎముక బూటుకి ఆనింది. పది అడుగులు మెల్లగా జారి ఆగింది. తర్వాత టీచరమ్మ చేతులు తీసేసినా ఆగింది. మీరూ అంతే చేయండి. చేతులు ముందుకి, చూపు దూరంగా, కాలి ముందు ఎముకతో బూటుని నొక్కుతూ.

7. మలుపు. నాగలిలోనే ఉండి కుడి కాలి మీద బరువు వేస్తే ఎడమకి తిరుగుతారు, ఎడమ కాలి మీద వేస్తే కుడికి. మొదట తికమకగా ఉంటుంది. భుజాలు తిప్పి మలుపు తేవాలని చూస్తారు, దాంతో ఏమీ జరగదు. పని చేసేది కాళ్ళే.

8. లిఫ్టులు. కొత్తవాళ్ళకి కదిలే పట్టీ ఉంటుంది, నిలబడితే అదే పైకి తీసుకెళ్తుంది. టీ ఆకారపు కడ్డీ ఉన్న లిఫ్టు వస్తే దాని మీద కూర్చోకండి. అది మీ వెనక ఆని ముందుకి లాగుతుందే తప్ప మోయదు, కూర్చుంటే పడతారు. కుర్చీ లిఫ్టులో ఎక్కగానే రక్షణ కడ్డీ దించండి. దిగాక అక్కడే నిలబడి గ్లౌజులు సర్దుకోకండి, వెనక కుర్చీలో వాళ్ళు వచ్చి గుద్దుకుంటారు.

9. పెద్ద వాలు మీదికి ఎప్పుడు వెళ్ళొచ్చు? ఈ మూడూ చేయగలిగితేనే:

- ముందే అనుకున్న చోట, వరుసగా ఐదుసార్లు ఆగగలగాలి. ఒకసారి ఆగడం లెక్కలోకి రాదు.
- రెండు వైపులా తిరగగలగాలి. చాలామందికి ఒక వైపే వస్తుంది.
- పడితే ఎవరి సాయం లేకుండా లేవగలగాలి.

స్విట్జర్లాండ్‌లో తేలిక దారులకి నీలం, మధ్యరకానికి ఎరుపు, కష్టమైనవాటికి నలుపు గుర్తులు. ఫ్రాన్స్‌లో నీలం కంటే తేలికగా ఆకుపచ్చ కూడా ఉంటుంది. పసుపు గుర్తున్నవి చదును చేసిన దారులు కావు, అటు పోకండి. మొదటి నీలం దారి టీచర్‌తోనే దిగండి. నీలం అని ఉన్నా మధ్యలో ఒక నిటారు ముక్క రావచ్చు. సాయంత్రానికి ఎండకి కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టి, పొద్దున్న తేలిగ్గా దిగిన చోటే గాజులా జారుతుంది.

దారి మీద గుర్తుంచుకోవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. ముందు వెళ్తున్నవాళ్ళకే హక్కు, వెనకనుంచి వచ్చేవాళ్ళు తప్పుకోవాలి. ఇరుకు చోట, మలుపు చాటున ఆగకూడదు, అంచుకి వచ్చి ఆగాలి. ఎవరైనా పడి గాయపడితే వాళ్ళకి కొంచెం ఎగువన రెండు స్కీలు ఇంటూ ఆకారంలో పాతి, సాయానికి ఫోన్ చేయాలి. అంబులెన్స్ 144, కొండ హెలికాప్టర్ రేగా 1414, ఏదీ గుర్తురాకపోతే 112.

10. అలసిపోతే గొండోలాలో దిగండి. చాలామందికి ఇది తోచదు, పైకి వెళ్ళాక స్కీ మీదే దిగాలనుకుంటారు. గొండోలాలు కిందికి కూడా మనుషుల్ని తీసుకొస్తాయి. చివరి గొండోలా ఎన్నింటికో పైకి వెళ్ళగానే బోర్డు మీద చూసుకోండి. కాళ్ళు వణుకుతుంటే "ఇంకొక్కసారి" అనుకోకండి. మూడో రోజు మధ్యాహ్నం వణికే కాళ్ళతో దిగి మోకాలు మెలిపెట్టుకున్నవాళ్ళని చూశాను.

సాయంత్రం గదికి రాగానే బూట్ల బకిల్స్ విప్పి, స్కీ గదిలో వెచ్చగా ఆరబెట్టండి. బాల్కనీలో పెడితే ప్లాస్టిక్ బిగుసుకుపోయి పొద్దున కాలు దూరదు. స్కీలు, పోల్స్ మీద మీకు గుర్తుండేలా ఒక రంగు రిబ్బను కట్టండి. అద్దె స్కీలన్నీ ఒకేలా ఉంటాయి, హోటల్ బయట మారిపోవడం మామూలే.

స్కీయింగ్ వద్దనుకునే పెద్దవాళ్ళకి

అమ్మానాన్నల్ని తీసుకొస్తే వాళ్ళని గదిలో కూర్చోబెట్టకండి. గొండోలాలో పైకి వెళ్తే, మెన్లిఖెన్ నుంచి క్లైనె షైడెగ్ అనే కనుమ దాకా చలికాలంలో కూడా మంచుని చదును చేసిన నడక దారి ఉంటుంది, ఐగర్‌ని ఎదురుగా చూస్తూ నడవచ్చు. బూట్ల కింద తొడిగే ముళ్ళ పట్టీ కొనివ్వండి, జారరు. కొండ మీదికి రైల్లో వెళ్ళే యుంగ్‌ఫ్రౌయోఖ్ 3454 మీటర్ల ఎత్తు. తల తిరగొచ్చు, స్కీయింగ్ క్లాసు రోజున అది పెట్టుకోకండి. స్లెడ్జి సరదా ఉన్న కుర్రాళ్ళకి వెలోగెమెల్ చూపించండి. చక్రాల బదులు చెక్క పట్టాలున్న సైకిలు లాంటిది, 1911లో ఈ ఊరి వడ్రంగి ఒకాయన కనిపెట్టాడు. అది అద్దెకి దొరుకుతుంది. బ్రేకులుండవు, పాదాలతోనే ఆపాలి. అందుకని గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకుని, ముందు ఊరి దగ్గరి చిన్న వాలు మీద రెండుసార్లు ఆపి చూశాకే పెద్ద దారికి వెళ్ళమనండి.